తడిస్తే కనబడే పుస్తకం

భాద్రపద శుద్ధ పంచమి

ఉప్పెన తర్వాత బందరులో తారీఖులు చూసేవాళ్ళు తగ్గిపోయారు. తిథి చూస్తారు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎంత లేస్తుందో తెలిస్తే మంచంకోళ్ళ కింద ఎన్ని ఇటుకలు పెట్టుకోవాలో తెలుస్తుంది. నేను ఏ మతం వాణ్ణన్నది సముద్రానికి అనవసరం కనక నేనూ తిథులే వేస్తున్నాను.

ఇవాళ అక్షర సౌందర్య శాఖ నుంచి కోదండపాణి గారు మా ఐసు ఫ్యాక్టరీ మెట్లెక్కి వచ్చారు. ఇక్కడ ఐసు చెయ్యడం మానేసి చాలాకాలమైంది. పై అంతస్తులో పేరిందేవి గారు పుస్తకాలు చేస్తారు. రాయరు, చేస్తారు. రాసే పని యంత్రాలకి పోయింది, చదివే పని చెవిపూసలకి పోయింది. ఎంత లావు పుస్తకమైనా పూస రెండు ముక్కల్లో సారం చెప్పేస్తుంది, జనం అది వింటూ చేపలు తోముకుంటారు. కాగితం పుస్తకాన్ని చేత్తో చేసే మనిషి ఈ తీరం మొత్తానికి ఆవిడొక్కరే మిగిలారు. ఆవిడ దగ్గర నేను పనివాణ్ణి. పేరు జోజిబాబు. బడి మొహం చూడలేదు. మా గుడిసెలో గాలి కొట్టకుండా గోడలకి ఎవరో పాత కరపత్రాలు అంటించారు, అక్షరాలు వాటి మీదే నేర్చుకున్నాను. అందుకే చివర్న ఆశ్చర్యార్థకం లేని వాక్యం నాకు సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది.

పేరిందేవి గారి సిద్ధాంతం ఒక్కటే: చదివేవాడికి చెమట పట్టాలి. వయసులో ఉన్నప్పుడు గంజితో పుటలంటించిన పుస్తకం చేశారు, ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టుకుంటే తప్ప విడిపోదు. తర్వాత ఇద్దరు ఎదురెదురుగా నిలబడి లాగితే తప్ప తెరుచుకోని పుస్తకం చేశారు. దాన్ని చదవబోయి ఒక జంట విడిపోయిందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. అన్నిటికీ శిఖరం మంచు పుస్తకం. ఐసుగడ్డలో అక్షరాలు బిగించారు, కరిగేలోపు చదవాలి. రేవులో జనం ఎగబడి కొన్నారు. కొని దాని మీద వంజరం చేపలు పరుచుకున్నారు. ఈ చివరి సంగతి ఆవిడ చెప్పరు, నేను విన్నది.

కోదండపాణి గారు మంచు పుస్తకం ఫోటోకి నమస్కారం పెట్టి కూర్చున్నారు.

"పోయిన ఉప్పెనలో కరెంటు పోయింది, పూసలు మూగబోయాయి. జనం పూస ఏదో చెబుతుందని ఎక్కడి వాళ్ళక్కడ నిలబడిపోయారు. మీకు తెలియనిది కాదు."

తెలియకేం. మా బావ అలాగే పోయాడు. నీళ్ళు నడుం దాకా వచ్చినా చెవి తడుముకుంటూనే ఉన్నాడట.

"అందుకని ఈసారి ఇంటికో కాగితం పుస్తకం ఇద్దామని. వరదొస్తే ఏం చెయ్యాలో అందులో ఉంటుంది. రాత మేం చూసుకుంటాం. మామూలుగా అచ్చేసి..."

"మామూలుగానా?" అన్నాను.

"అబ్బాయ్," అన్నారు పేరిందేవి గారు. ఆగమన్నట్టు కాదు, కానిమ్మన్నట్టు.

నేను స్టూలెక్కాను. "తెల్ల కాగితం మీద నల్ల అక్షరం! అంతేనా గిలకలదిండి జాలర్ల మొహానికి? షావుకార్లకి బంగారు అంచు పుస్తకాలు, మాకు రేషన్ కార్డు లాంటి పుస్తకమా? అలంకారం లేని అచ్చు జనానికి అవమానం!"

కోదండపాణి గారు జేబులోంచి కలం తీశారు. "ఆ చివరి వాక్యం ఇంకోసారి చెప్పు బాబూ. బాగుంది."

చెప్పాను. రాసుకున్నారు. ప్రభుత్వం నా మాట రాసుకోవడం ఇదే మొదలు!

భాద్రపద పౌర్ణమి

రూపం దొరికింది. నాకే దొరికింది.

గిలకలదిండిలో మా రోజక్క ఇంటికి వెళ్ళాను. గుడిసెల్లో ఆఖరి వరస తనది, దాని తర్వాత ఇక సముద్రమే. అక్క పటికబిళ్ళ తిప్పుతూ బురదనీళ్ళు తేటపరుస్తోంది. తడి వేలు నా చేతిలో చిత్తుకాగితం మీద పెట్టింది. ఆరాక ఏమీ లేదు. కాసేపటికి ఆ కాగితం బిందెలో పడింది, పటిక తగిలినచోట వేలిముద్ర స్పష్టంగా లేచింది. తీసి ఆరబెడితే మళ్ళీ మాయం.

"అక్కా! పటికతో అచ్చేస్తే? పొడిగా ఉంటే తెల్లకాగితం, నీళ్ళు తగిలితే పుస్తకం! వరద పుస్తకాన్ని వరదే చదివి పెడుతుంది!"

"నీళ్ళు పారబొయ్యకు, మళ్ళీ మోసుకొచ్చేది నేను," అంది అక్క.

పేరిందేవి గారికి చెప్పాను. విని నా తలమీద చెయ్యి వేశారు. "నేను మంచుతో చెయ్యబోయింది నువ్వు నీళ్ళతో చేశావురా అబ్బాయ్."

శాఖవాళ్ళు పంపిన రాత కట్ట బల్లమీదే ఉంది. మేమిద్దరం అచ్చుపలకలు బిగించాం గానీ చదవలేదు. అది ఆవిడ నియమం. "లోపలి రాత మన పని కాదు. కుండ చేసేవాడు అందులో పప్పు వండుతారా పులుసు కాస్తారా అని అడుగుతాడా?" అంటారు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

విజయదశమి నాడు విడుదల. శాఖ ఏసీ హాల్లో కోదండపాణి గారు తెల్లటి పుట మీద వెండి గ్లాసుతో నీళ్ళు పోశారు. అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అక్షరాలు ఏం చెబుతున్నాయో ఎవరూ అడగలేదు. చప్పట్లు ఆగలేదు.

అక్కడికక్కడే మూడు ప్రకటనలు. ఒకటి, ఈ పుస్తకానికి రాష్ట్ర సౌందర్య పురస్కారం. రెండు, ఇక మీదట అలంకారం లేని అచ్చు జనానికి పంచడం నేరం. నా వాక్యం ఉన్నదున్నట్టు ఉత్తర్వులోకి ఎక్కింది, ఆశ్చర్యార్థకం మాత్రం తీసేశారు. మూడు, గిలకలదిండి దగ్గర దిబ్బ మీదున్న తుఫాను షెల్టరుని ఈ పుస్తకానికి శాశ్వత ప్రదర్శనశాలగా మారుస్తారు. గాజుపెట్టెలో పెట్టిన ప్రతి ఎండిపోకుండా రోజూ నీళ్ళు చిలకరించాలి కనక తాళంచెవి పేరిందేవి గారి దగ్గర ఉంటుంది.

మరి తుఫానొస్తే మనుషులకి షెల్టరేదన్న ఆలోచన నాకు రాలేదు. దండ నా మెళ్ళో ఉంది. బంతిపూలు.

కార్తీక పౌర్ణమి

ఇంటింటికీ పుస్తకం అందింది. దాంతోపాటు కాగితం కూడా: తుఫాను తర్వాత సాయం బియ్యం కావాలంటే ఇంటిల్లిపాదీ వచ్చి ఈ పుస్తకం చూపించి వేలిముద్ర వెయ్యాలి. పుస్తకం చెడకుండా ఉండాలి. తడిసి ముడతపడినవి చెల్లవు.

అక్క తన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మేరీమాత పటం వెనక పెట్టింది. పొరుగున వలలు బాగుచేసే నాంచారయ్య బాబాయి ఏకంగా పట్టుగుడ్డలో కట్టాడు. పోటు తిథుల్లో వరస వరసంతా పుస్తకాలు తెచ్చి ఆయన ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టెని వలల అటక మీదికి ఎక్కిస్తున్నారు. పుస్తకాలు అటక మీద, మనుషులు మోకాలి లోతు నీళ్ళలో. నేను గర్వంగా చూశాను. మా పుస్తకానికి ఎంత గౌరవం!

అక్క నాకు కూరన్నం పెడుతూ అంది, "ఒరే, ఒకటడుగుతా. తిట్టకు. నీళ్ళొచ్చాకే గదా అందులో ఏం రాసిందో కనబడేది?"

"అదే గొప్పతనం."

"నీళ్ళొచ్చాక ఇంక సదివేదేంట్రా? రాకముందు గదా సదవాల్సింది?"

నేను ముద్ద కంచంలో పడేశాను. తర్వాత అరిచాను. జనానికి కళ అర్థం కావడానికి టైము పడుతుందని, చదువులేనివాళ్ళ కోసం సిద్ధాంతాలు దించలేమని ఏదేదో అరిచాను.

"మీ బావ కూడా పూస మీద ఇట్టాగే అరిసేవాడు, గొప్ప మిషనని," అంది అక్క. కంచం తీసేసింది.

కార్తీక బహుళ పంచమి

నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీలో ఒక ప్రతి తీసుకుని బకెట్లో ముంచాను. పేరిందేవి గారు అడ్డు రాలేదు. మొదటి పుట మీద పెద్ద అక్షరాలు లేచాయి: "నీరు గడప తాకకముందే ఎత్తైన చోటికి చేరండి."

ఇద్దరం బకెట్లోకి చూస్తూ కూర్చున్నాం.

"మేడమ్ గారూ, మళ్ళీ అచ్చేద్దాం. మామూలు సిరాతో. నల్లగా."

ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "నలభై ఏళ్ళలో అందరికీ అర్థమయ్యే పుస్తకం ఒక్కటి కూడా చెయ్యలేదు నేను. ఇప్పుడు చెయ్యమంటావా?"

"మా అక్క ఆఖరి వరసలో ఉంటుంది!"

"అయినా శాఖ ఒప్పుకోదు. పురస్కారం ఇచ్చిన పుస్తకం తప్పని వాళ్ళెలా అంటారు? పురస్కారం తప్పనాలి, పురస్కారం ఇచ్చిన వాళ్ళు తప్పనాలి." ఆవిడ తడిసిన ప్రతిని తువ్వాలుతో అద్దుతూ ఉండిపోయారు. అక్షరాలు వెళ్ళిపోతున్నాయి. "చేటంత పుస్తకం చేసి, లోపలేముందో నేనూ చూడలేదేమిటి అబ్బాయ్?"

నేను బకెట్లో నీళ్ళు పారబోశాను.

కార్తీక బహుళ దశమి

బంగాళాఖాతంలో వాయుగుండం. పూసలు సారం చెప్పాయి: "గాలి ఎక్కువ." హెచ్చరిక మొత్తం పెద్దదేనట, సారం అంతే.

నేనే చేతి ప్రెస్సు మీద నల్లసిరాతో కరపత్రం వేశాను. జన్మలో మొదటిసారి ఆశ్చర్యార్థకం పెట్టకుండా రాశాను: అమావాస్య లోపు దిబ్బ మీద షెల్టరుకి వెళ్ళిపోండి, నీళ్ళు వచ్చేదాకా ఆగకండి. సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాను. చెక్ పోస్టు దగ్గర కోదండపాణి గారు ఆపారు. ఒక కాగితం తీసి వెలుగుకి పట్టి చూశారు. వెనక్కి తిప్పి చూశారు.

"దీన్లో అలంకారం ఎక్కడుంది బాబూ?"

"లేదు. అవసరం లేదు. చదువుకుంటారు."

"అలంకారం లేని అచ్చు జనానికి అవమానం," అన్నారాయన, ఎంతో బాధగా. "ఇంత గొప్ప మాట చెప్పినవాడివి నువ్వేనా?"

కట్టలన్నీ స్వాధీనం చేసుకున్నారు. చొక్కాలో దోపుకున్నవి నాలుగు మిగిలితే గిలకలదిండి సెంటర్లో పంచాను. పొట్లాలు కట్టడానికి బావుంటాయని మిరపకాయ బజ్జీల బండివాడు తీసుకున్నాడు.

నాంచారయ్య బాబాయితో మొత్తుకున్నాను. "బాబాయ్, ఒక్క పుస్తకం తడిపి చూడు. లోపల ఎక్కడికి పోవాలో రాసుంది."

"తడిపితే బియ్యం మీ శాఖోడిత్తాడా, నువ్విత్తావా?"

"బతికుంటే కదా బియ్యం!"

"బతికుంటే బియ్యం కావాలి గదరా ఎర్రినాయాలా. ఆ పుస్తకం మీద చెయ్యేత్తే కాళ్ళిరగ్గొడతా, నువ్వే సేశావని కూడా సూడను."

కార్తీక బహుళ చతుర్దశి

గాలి మొదలైంది. ఆకాశం చేపపొట్ట రంగులో ఉంది. అక్క ఎండబెట్టిన చేపలన్నీ లోపలికి లాగేసింది. నేను తన ముందు గోడకి చేరబడి కూర్చున్నాను.

"నువ్వూ పిల్లలూ అన్నా నాతో వచ్చెయ్యండి."

"వరసంతా ఉంటే నేనొక్కద్దాన్నే పోతానా? రేపు వచ్చి ఈళ్ళ మొహాలు ఎట్టా సూడాలి?" అంది. తర్వాత పైకి, నాంచారయ్య అటక వైపు చూసింది. "ఈళ్ళు ప్రాణం కోసం కదలరు గానీ, ఆ పెట్టె కోసం ఎక్కడికైనా వస్తారు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సాయంత్రం పేరిందేవి గారికి మా పథకం చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ బొడ్డులోంచి షెల్టరు తాళంచెవి తీసి కాసేపు చూసి మళ్ళీ దోపుకున్నారు. "పొద్దున్నే వెళ్ళి తలుపులు తెరిచి కూర్చుంటాను. నీళ్ళు చిలకరించాలి కదా, నా డ్యూటీ," అన్నారు.

మార్గశిర శుద్ధ పాడ్యమి

షెల్టర్లో గాజుపెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. ఒక కన్ను వాచింది. నిన్నటి సంగతి రాయాలి.

అమావాస్య పొద్దున పోటుకి ముందు వరసంతా పుస్తకాలు తెచ్చి నాంచారయ్య పెట్టెలో పెట్టి వెళ్ళారు. పెట్టెని అటక ఎక్కించడానికి బాబాయి కొడుకు వీపు మీద ఎక్కి నిచ్చెన కోసం వెనక్కి వెళ్ళాడు. నేను పెట్టెని ఐసు లాగే రిక్షాబండి మీదికి ఎత్తాను, తొక్కాను. వీధి మలుపు దాకా ఎవరూ చూడలేదు. అప్పుడు మా అక్క వీధి మధ్య నిలబడి, జీవితంలో అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు, "దొంగ! దొంగ! పుస్తకాలు ఎత్తుకుపోతన్నాడు మా తమ్ముడు సచ్చినోడు!" అంది.

వరస కదిలింది. పెను గాలికి కదలనివాళ్ళు, పూస చెబితే కదలనివాళ్ళు, నేను కాళ్ళు పట్టుకుంటే కదలనివాళ్ళు, అంతా ఒక్కసారే కదిలారు.

"ఇంటిల్లిపాదీ ఏలిముద్ర ఎయ్యాలంట! పిల్లల్నీ ముసలోళ్ళనీ వదిలేసి రాబాకండి!" అక్క వెనకనుంచి ఇంకా అరుస్తోంది. చంకలో చిన్నాడు, చేత్తో పెద్దదాని జబ్బ.

తొక్కుతున్నాను. వాన సూదుల్లా కొడుతోంది. వెనక నుంచి చెప్పులొస్తున్నాయి, ఒక గరిటె వచ్చింది. నాంచారయ్య బాబాయికి నడక రాదు, కొడుకు వీపు మీద ఎక్కి వస్తున్నాడు. అందరికన్నా ముందు ఆయన తిట్లే నన్ను చేరాయి. మా అమ్మనీ, బతికుండగా చేపలు తప్ప ఏమీ ఎరగని మా తాతనీ, నాకు అక్షరాలు నేర్పిన గోడల్నీ, ఎవర్నీ వదల్లేదు.

దిబ్బ ఎక్కేటప్పుడు చైను తెగింది. దిగి తోశాను. మెట్ల దగ్గర బండి బోల్తాపడింది, పెట్టె మూత ఊడింది, పుస్తకాలన్నీ వానలో మెట్ల మీద పడిపోయాయి. అప్పుడే నా కన్ను వాచింది. ఎవరు కొట్టారో చెప్పడం కష్టం, చాలామంది కొట్టారు.

"చాలు, లోపలికి రండి! ముందు లోపలికి రండి!" అంటున్నారు పేరిందేవి గారు, తలుపులు బార్లా తెరిచి. ఆవిడ పక్కన కోదండపాణి గారు. ఆయన పొద్దుటినుంచే ఇక్కడ ఉన్నారు, సోఫాతో సహా. ఆయన పూస సారం కాదు, హెచ్చరిక మొత్తం చెప్పే రకం.

"ప్రదర్శన చూడటానికా? టిక్కెట్లు..." అన్నారాయన. అక్క మోచేత్తో ఆయన్ని పక్కకి జరిపింది.

అప్పుడు ఎవరో వెనక్కి తిరిగి చూశారు. తర్వాత అందరూ చూశారు. మా వరస ఉన్నచోట నీళ్ళు. నాంచారయ్య అటక పైకప్పు ఒక్కటి తెప్పలా కదులుతోంది. ఆ తర్వాత నన్నెవరూ కొట్టలేదు.

మెట్ల మీద నుంచి పుస్తకాలు ఒక్కొక్కటే ఏరుకుని లోపలికి తెచ్చుకున్నారు. తడిసి ముద్దయ్యాయి. ఇక బియ్యం రావని బాబాయి గొణిగాడు, ఎవరి పుస్తకం వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు. అప్పుడు మా అక్క పెద్దకూతురు పిలిచింది, "మావయ్యా, దీనిలో అచ్చరాలొచ్చాయి."

అందరి పుస్తకాల్లోనూ వచ్చాయి. పూసలు మూగబోయాయి, సారం చెప్పే దిక్కు లేదు. చదవడం మరిచిపోయిన జనం ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఒకళ్ళు తప్పితే ఒకళ్ళు అందుకుంటూ కూడబలుక్కున్నారు. నీ-రు. గ-డ-ప. తా-క-క-ముందే. వాక్యం పూర్తయ్యేసరికి ఎవరికో చెమట పట్టింది. పేరిందేవి గారు అది చూశారు.

"సేరాం గదా ఎత్తు సోటికి," అన్నాడు బాబాయి. "తర్వాతేంటంటన్నాడు? పుట తిప్పండెహె."

తిప్పారు. మంచినీళ్ళు ఎలా కాచుకోవాలి, పాము కరిస్తే ఏం చెయ్యాలి, తెప్ప ఎలా కట్టాలి. అన్నీ ఉన్నాయి. పాపం శాఖ యంత్రం బాగానే రాసింది. పేరిందేవి గారు నేలమీద చతికిలబడి, చెవి ఒగ్గి వింటున్నారు. తన చేత్తో చేసిన పుస్తకాన్ని ఆవిడ వినడం ఇదే మొదటిసారి. మధ్యలో ఒకచోట "మళ్ళీ చదవండి, అది నాకు అందలేదు," అన్నారు.

ఆఖరి పుట మా అక్కకి వచ్చింది. గాజుపెట్టె పక్కన దీపం దగ్గర పెట్టుకుని, కళ్ళు చిట్లించి చదివింది.

"ఈ... పు... స్త... క... మును," అంది, "త... డ... వ... కుం... డా..."

ఆగింది. నా వైపు చూసింది. మళ్ళీ పుట వైపు చూసి గబగబా ముగించింది: "భద్రపరచవలెను."

ముందు బాబాయికి నవ్వొచ్చింది, కొడుకు వీపు మీద ఇంకా అలాగే ఉన్నాడు, ఇద్దరూ కలిసి ఊగారు. కోదండపాణి గారు మాత్రం నవ్వలేదు. ఆ వాక్యం ఎంత గొప్పగా కుదిరిందో చూడండని పేరిందేవి గారితో అంటున్నారు.

అక్క ఆ తడి పుస్తకంతోనే నా తల మీద ఒక్కటి వేసింది.